ఇంటి గదిలోని గ్రో టెంట్‌లో వాయు ప్రసరణ, ఉష్ణ యాజమాన్యం: చందానగర్ పరిస్థితులకు అన్వయం

పరిచయం

ముంబయి జాతీయ రహదారి వెంట మియాపూర్, లింగంపల్లిల మధ్య ఉన్న చందానగర్ ప్రధానంగా అపార్టుమెంట్ల ప్రాంతం. నేల లేని ఇళ్లలో ఆకుకూరలు పండించుకోదలచిన వారికి సాగు గుడారం, అనగా వాడుకలో గ్రో టెంట్, ఒక మార్గంగా కనిపిస్తున్నది. లోపల వెలుతురును ప్రతిఫలింపజేసే పూత గల గుడ్డతో కట్టిన గుడారం, ఎల్‌ఈడీ దీపం, గాలిని బయటకు లాగే ఫ్యాను, పోషక ద్రావణపు తొట్టి ఇందులోని ముఖ్య భాగాలు. డిసెంబరులో చక్కగా పెరిగిన లెట్యూస్ మే నెలలో అదే గుడారంలో చేదెక్కి పూతకాడ వేస్తుంది. అప్పుడు సాధారణంగా లభించే సలహా ‘పెద్ద ఫ్యాను పెట్టండి’ అనేదే. ఈ సలహా ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు నష్టం చేస్తుందో లెక్కతో తెలుసుకోవడం విస్తరణ శాస్త్రవేత్తకు అవసరం.

ఉష్ణ భారం – గణన

1.2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల గుడారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దీని ఘనపరిమాణం 2.88 ఘనపు మీటర్లు. ఇందులో 240 వాట్ల దీపం వెలుగుతున్నదనుకుందాం. ఎల్‌ఈడీ వేడి పుట్టించదన్న అభిప్రాయం సరికాదు. దీపం తీసుకున్న విద్యుత్తులో కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్కలో నిలిచే స్వల్ప భాగం తప్ప మిగిలినదంతా చివరకు వేడిగానే మారుతుంది.

హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నందున ఇక్కడి గాలి కొంత పలుచన. ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కడానికి సుమారు 1.1 కిలోజౌళ్లు చాలు. కనుక గుడారంలోని ఉష్ణోగ్రత లోనికి వచ్చే గాలి కంటే 3 డిగ్రీలకు మించి పెరగకూడదంటే గంటకు సుమారు 262 ఘనపు మీటర్ల గాలి మారాలి. నిమిషానికి ఒకసారి గుడారంలోని గాలి మారితే చాలునన్న వాడుక సూత్రం ప్రకారం గంటకు 173 ఘనపు మీటర్లే మారుతుంది. అప్పుడు పెరుగుదల 4.5 డిగ్రీలు. గొట్టాల వంపులు, వడపోతలు గాలి వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఫ్యాను పెట్టె మీద రాసిన సామర్థ్యం పూర్తిగా అందదు.

మొక్కలు బాగా ఎదిగిన దశలో బాష్పోత్సేకం ద్వారా కొంత వేడి గుప్తోష్ణంగా మారుతుంది. రోజుకు 2 లీటర్ల నీరు ఆవిరైతే సుమారు 4.9 మెగాజౌళ్లు అందులో పోతాయి. 16 గంటల్లో దీపం ఇచ్చే 13.8 మెగాజౌళ్లలో ఇది మూడో వంతుకు పైగా. అయితే ఆ మేరకు గాలిలో తేమ పెరుగుతుంది. లేత మొక్కలున్నప్పుడు ఈ సహాయం ఉండదు కనుక ఫ్యాను ఎంపికను పూర్తి భారానికే లెక్కించాలి.

వేడిని మూలంలోనే తగ్గించడం

లెట్యూస్‌కు చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్‌ల కాంతి 16 గంటలు అందితే రోజుకు సుమారు 11.5 మోల్‌లవుతుంది, ఇది ఆకుపంటకు సరిపోతుంది. వాటుకు 2.5 మైక్రోమోల్‌ల కాంతినిచ్చే దీపంలో, ఐదో వంతు వృథా పోయినా, ఈ గుడారానికి 144 వాట్లు చాలు. అనగా దీపాన్ని 60 శాతానికి తగ్గిస్తే అదే ఫ్యానుతో ఉష్ణోగ్రత పెరుగుదల 3 డిగ్రీల నుండి 1.8 డిగ్రీలకు దిగుతుంది. పెద్ద ఫ్యాను కొనేముందు దీపాన్ని తగ్గించి చూడటం ఖర్చు లేని మార్గం.

గాలి ఎక్కడి నుండి, ఎక్కడికి?

ఎంత పెద్ద ఫ్యాను అయినా గుడారాన్ని లోనికి వచ్చే గాలి కంటే చల్లబరచలేదు. హైదరాబాదులో మే నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అటువంటి గాలిని ఎంత వేగంగా తోలినా లెట్యూస్‌కు మేలు జరగదు.

గదిలో ఏసీ నడుస్తున్నప్పుడు మరొక చిక్కు ఉన్నది. వేడి గాలిని గొట్టం ద్వారా కిటికీ బయటకు పంపడమే మంచిదని తోస్తుంది. కాని బయటకు పోయిన ప్రతి ఘనపు మీటరు గాలికి బదులుగా తలుపు సందుల నుండి బయటి గాలి గదిలోకి వస్తుంది. బయట 40, గదిలో 26 డిగ్రీలున్నప్పుడు గంటకు 262 ఘనపు మీటర్ల గాలి తెచ్చే వేడి సుమారు 1,120 వాట్లు. ఒక టన్ను ఏసీ సామర్థ్యమైన 3,500 వాట్లలో ఇది దాదాపు మూడో వంతు. అదే గాలిని గదిలోకే వదిలితే ఏసీ మీద పడే భారం దీపపు 240 వాట్లు, ఫ్యాను తీసుకునే కొద్ది వాట్లు మాత్రమే. కనుక బయటి గాలి గది కంటే చల్లగా ఉంటే బయటకు పంపాలి. ఏసీ నడుస్తూ బయట వేడిగా ఉంటే గదిలోకే వదలాలి.

కాలానుగుణ యాజమాన్యం

వేసవి: పూర్వం కిటికీలకు కట్టి తడిపిన వట్టివేళ్ల తడికెల సూత్రమే నేటి కూలరుది. 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలు. 75 శాతం సామర్థ్యం గల కూలరు గాలిని సుమారు 28 డిగ్రీలకు దించగలదు. దీపాన్ని సాయంత్రం 6 గంటల నుండి ఉదయం 10 గంటల వరకు వెలిగిస్తే మధ్యాహ్నపు ఎండ, దీపపు వేడి ఒకేసారి మీద పడవు. పోషక ద్రావణం 30 డిగ్రీలకు చేరితే అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గి, వేరుకుళ్లు తెగులు ముప్పు పెరుగుతుంది. అందుచేత తొట్టిని గుడారం వెలుపల, నీడలో ఉంచాలి.

వర్షాకాలం: 28 డిగ్రీలు, 80 శాతం తేమలో కూలరు రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించలేదు, పైగా తేమను పెంచుతుంది. దానిని ఆపాలి. ఆవిరి పీడన లోటు బాగా తగ్గితే బాష్పోత్సేకం మందగించి, లేత లోపలి ఆకులకు కాల్షియం అందక అంచులు మాడతాయి. ఆకుల మీదుగా మెల్లగా గాలి ఆడేలా చిన్న ఫ్యాను గుడారం లోపల నడపాలి.

శీతాకాలం: దీపం వెలిగినప్పుడు 28 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలి, దీపం ఆరి 22 డిగ్రీలకు చల్లబడితే తేమ 93 శాతానికి చేరుతుంది. బూడిద తెగులు, బూజు మొదలయ్యే సమయమిది. దీపంతోపాటు ఫ్యానునూ ఆపివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. చీకటి వేళ కూడా దానిని తక్కువ వేగంతో నడపాలి.

విద్యార్థులకు అభ్యాసం

గాలి లోనికి వచ్చే చోట, మొక్కల తల ఎత్తులో, గాలి వెలుపలికి పోయే చోట మూడు ఉష్ణ–తేమ మాపకాలు ఉంచాలి. వాటిపై దీపపు కాంతి నేరుగా పడరాదు. దీపం వెలిగిన రెండు గంటల తర్వాత మూడింటినీ నమోదు చేయాలి. లోనికి, వెలుపలికి మధ్య తేడా ఎక్కువైతే లోపం గాలి ప్రవాహానిది. తేడా తక్కువగా ఉండి మొక్కల వద్ద వేడి ఎక్కువైతే లోపం వచ్చే గాలిదో, లోపలి గాలి కదలికదో అయి ఉంటుంది. గుడారపు గోడలు లోపలికి బాగా కుంగితే గాలి వచ్చే ద్వారం చాలడం లేదని అర్థం.

ముగింపు

దీపం తగ్గింపు, వెలిగించే వేళ, వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఆ తర్వాతే ఫ్యాను పరిమాణం: సలహా ఈ క్రమంలో సాగాలి. ఏసీ గాని కూలరు గాని లేని ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ వేయవద్దని చెప్పడమే సరైన సలహా. ఆ నెలల్లో వేడిని తట్టుకునే తోటకూర, బచ్చలి బాల్కనీ కుండీల్లో దీపం ఖర్చు లేకుండానే పండుతాయి. గుడారాన్ని శుభ్రపరచి అక్టోబరుకు సిద్ధం చేసుకోవచ్చు.