పాఠ్యపత్రములను కంప్యూటరులో ఏ రూపమున ఉంచవలెను?

పిల్లలకు చదువుకొనుటకు పాఠ్యపత్రములు వ్రాయుట మన ఉపాధ్యాయులకు క్రొత్త గాదు. వ్రాసినదానిని కంప్యూటరులో ఏ రూపమున ఉంచవలెనను ప్రశ్ననే మనము తేలికగా తీసికొనుచున్నాము. మేమును అట్లే తీసికొని యొకమారు నగుబాటు పడితిమి.

2017వ సంవత్సరమున నాల్గవ తరగతికి ఐదు పుటల పాఠమును వర్డు ఫైలుగా సిద్ధపరచి పట్టణములోని జిరాక్సు దుకాణమునకు పంపితిమి. దుకాణదారు ఇంట మాటాడునది తెలుగే, చదివినది తమిళము. మన అక్షరము లాయనకు తెలియవు. ఆయన ఆ పాఠమును తన పాత సాఫ్టువేరులోని కెక్కించగా 'స్త్రీ' అను మాటలోని స, త, ర లు విడివిడిగా, నడుమ చుక్కల వలయములతో వచ్చినవి. మన లిపి యట్లే యుండుననుకొని ఆయన నలువది ప్రతులు తీసియిచ్చెను. మరునాడు ఒక బాలిక "సార్, ఈ చుక్కల సున్నాని ఎట్ల పలకాలి?" అని యడిగినది.

విజయవాడలోనైనచో దుకాణములోని కుఱ్ఱవాడే ఆ తప్పును పట్టియుండును. మా హోసూరు ప్రాంతమున ఆ కాపు లేదు. ఇంట తెలుగు, వీధిబోర్డుల మీద పెక్కింట తమిళమో ఆంగ్లమో; మన పిల్లలలో చాలమందికి తెలుగక్షరము కనబడునది మన మిచ్చు కాగితము మీదనే.

ఇట్లేల జరుగును? 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంపుటినుండియు తెలుగునకు చోటు గలదు. అందు 'స్త్రీ' అనునది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములు. వానిని కూర్చి యొక్క అక్షరముగా చూపు పని ఫాంటుది, సాఫ్టువేరుది. అవి చేతగానివైనచో వత్తులు విడిపోవును. అంతకుముందరి ఫాంట్లలో కూర్చిన ఫైళ్ల గతి మరింత హీనము. ఆ ఫాంటు లేనిచోట తెలుగే కనబడదు, ఆంగ్లాక్షరముల గజిబిజి మిగులును.

అందుచేత ముద్రణకు పీడీఎఫ్ తగినది. ఫాంటును తనలో ఇముడ్చుకొని పోవును గనుక చదువరాని చేతులలోను పుట చెడదు. తరగతిలో "రెండవ పుట, మూడవ పంక్తి చూడుడు" అన్నచో అందరికిని అదే పంక్తి దొరకును. మాబోటి వారి కిది చిన్న సౌకర్యము గాదు. అయితే దానిలో తప్పు దిద్దుట కష్టము. అందుండి తెలుగును నకలు తీసికొన్నచో అక్షరములు తరచు తారుమారగును. కావున యూనికోడులోని మాతృకను వేరుగా దాచుకొనవలెను. ఆ మాతృకను పోగొట్టుకొని పాఠమంతయు తిరిగి కూర్చిన వారిలో మేమును ఒకరము!

ఇంటివద్ద సెల్‌ఫోనులో చదువు పిల్లలకు పీడీఎఫ్ ఇబ్బందియే. పెద్ద పుట చిన్న తెరలో ఇమిడి, వత్తులు చీమలవలె కనబడును. పెద్దవి చేసినచో ప్రతి పంక్తిని అటునిటు జరుపవలెను. కథలకు ఈపబ్ మేలు. అక్షరములను పెంచుకొన్నచో పంక్తులు తామే సర్దుకొనును. పట్టికలు, బొమ్మలతో కూడిన అభ్యాసములు మాత్రము అందు చోటు తప్పవచ్చును.

పుటను ఫోటో తీసి వాట్సాపులో పంపుట మాకు సమ్మతము గాదు. ఫోటోగా పంపినచో అది కుదించబడును; థకారములోని చుక్క మాసిపోయి 'కథ' కాస్తా 'కధ' యగును. డాక్యుమెంటుగా పంపినచో ఈ చిక్కు లేదు. చూపులేని విద్యార్థికి చదివి వినిపించు సాఫ్టువేరునకు సైతము ఫోటో వట్టి బొమ్మయే.

ఇప్పుడు మా పాఠశాలలో దుకాణమునుండి తొలి ప్రతిని మాత్రమే తెప్పించి, ఐదవ తరగతి పిల్లలలో నొకరిచే బిగ్గరగా చదివించి, పిమ్మట మిగిలిన ప్రతులకు చెప్పుచున్నాము. పాత ఫాంట్లలోని పాఠములను యూనికోడునకు మార్చుచున్నాము. మార్పిడిలో వత్తులు జారిపోవుచున్నందున ప్రతి పుటను మరల దిద్దవలసి వచ్చుచున్నది. మూడవ తరగతి వరకు ముగిసినది.