సంతకం పెట్టే ముందు ఇది చదవండి
(పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం మహిళా కార్మికులకు)

"పని తగ్గింది, రాజీనామా రాసియ్యి" అని కంపెనీ అడిగితే తొందరపడి సంతకం పెట్టకండి. మీ అంతట మీరే మానేసినట్టు రాసిస్తే తొలగింపు పరిహారం రాదు.

తొలగిస్తే ఏం రావాలి?
2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. ఏడాది నిండా పనిచేసిన వారిని పని లేదని తీసేస్తే:
• నెల ముందు నోటీసు, లేదా నెల జీతం.
• పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం.
• కొత్త పని నేర్చుకోవడానికి మరో 15 రోజుల జీతం. ఇది తొలగించిన 45 రోజుల్లో మీ బ్యాంకు ఖాతాలో పడాలి.
గడువు పెట్టుకున్న ఒప్పందం ఆ గడువుకే ముగిస్తే మాత్రం ఇవి వర్తించవు.

కడుపుతో ఉంటే?
ఈఎస్ఐ ఉన్నవారికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు, పూర్తి వేతనం. డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. గత రెండు చందా కాలాల్లో, అంటే ఏడాదిలో, 70 రోజుల చందా ఉండాలి. కాన్పు సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

కాంట్రాక్టర్ కింద ఉన్నా ఈఎస్ఐ హక్కే. కాంట్రాక్టర్ మారితే పాత ఈఎస్ఐ నంబరే ఇవ్వండి. కొత్తది తీస్తే పాత చందా రోజులు లెక్కలోకి రాక ఇబ్బంది పడతారు.

ప్రతి నెలా జీతం చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు అడిగితే అదే సాక్ష్యం.

కొత్త పని నేర్చుకోవాలంటే దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐలో అడగండి.

సాయానికి: సంగారెడ్డి కార్మిక శాఖ కార్యాలయం, ఈఎస్ఐ 1800-11-2526, మహిళా హెల్ప్‌లైన్ 181.

మీ పక్క మెషిన్ మీద పనిచేసే అక్కకూ ఇది పంపండి.