పాత బొమ్మల కథల పుస్తకములు – వాటి విలువ

పాతబస్తీ ఇండ్లలో అటకలపై నుండి దింపి, తూకానికి అమ్మివేయు కాగితపు కట్టలను మనలో ఎందరము విప్పి చూచుచున్నాము? 1938 జూన్ సంచికగా అమెరికాలో పది సెంట్లకు అమ్ముడైన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించినాడు. దాని ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయినది! పాతది అయినంత మాత్రమున ఆ ధర రాలేదు. పిల్లలు చదివి పారవేయగా, యుద్ధకాలమున చిత్తుకాగితముగా పోగా, మిగిలినవి బహు కొద్ది.

మనకు 1947 జూలైలో చందమామ, 1964 మార్చిలో ఫాంటమ్ కథతో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అమర్ చిత్ర కథ వచ్చినవి. ఇంద్రజాల్ 1990లో ఆగిపోయినది. ఆదివారము ఆబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకములను వెదకువారు అట్టను, నడిమి పుటలను, పిన్నుల తుప్పును ముందు పరీక్షింపవలెను. న్యూస్‌ప్రింటులోని ఆమ్లమే కాగితమును పసుపుపచ్చ చేసి పెళుసుబార్చును. ఎండ, చెమ్మ దానికి తోడు. చిరుగులకు సెల్లోటేపు అంటింపరాదు, దాని జిగురు ఇంకి మచ్చ కట్టును.

మూడవ సాలార్‌జంగ్ గారు పిల్లల ఆటబొమ్మలను సైతము సేకరించినారు. అవి నేడు మూసీ ఒడ్డున మ్యూజియములో ఉన్నవి. కమిటీవారు మన గ్రంథాలయములో ఒక్క బీరువా ఇప్పించినచో, మేము మా ఇండ్ల కట్టలను విప్పుటకు సిద్ధముగా ఉన్నాము.