పొయ్యి, పొగగూడుల సంరక్షణము: ఋతువుల ననుసరించి రైతు గృహమున చేయవలసిన పనులు

రైతు తొలకరికి ముందే నాగలిని, గొర్రును బాగుచేయించుకొనును. బావి మోటారు చెడిన మరునాడే మేస్త్రీని పిలిపించును. పశువుల కొట్టము కారినచో కప్పు మార్పించును. కాని సంవత్సరము పొడుగున పనిచేయు పొయ్యి పగిలియున్నను, పొగగూడు మసితో మూసుకొనియున్నను, పెక్కు ఇండ్లలో పట్టించుకొనువారుండరు. పొయ్యియొద్ద కూర్చుండి పొగ త్రాగువారు స్త్రీలు. దాని బాగునకై సొమ్ము వెచ్చింపవలసినవారు పురుషులు. కష్టమొకరిది, ఖర్చు మరియొకరిది యగుటచే ఆ పని ఏటికేడు వెనుకబడుచున్నది.

1999వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున దీపము పథకమును, 2016వ సంవత్సరమున దేశమంతటను ఉజ్జ్వల పథకమును ఆరంభమైన పిదప పల్లెలందును గ్యాసు పొయ్యిలు వ్యాపించినవి. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకును, పశువులకు ఉలవలు ఉడికించుటకును, కూలీలకు, చుట్టములకు పెద్ద వంటలు చేయుటకును కట్టెలపొయ్యి అనేక రైతు గృహములలో నిలిచియే యున్నది. అది యున్నంతకాలము దానిని చక్కగా నుంచుకొనుట ఇంటికిని, పొలమునకును లాభము.

పొగవలన కలుగు నష్టములు

పొగ చెడ్డ పొయ్యి చూపు గుర్తు. కట్టె పూర్తిగా మండినచో పొగ స్వల్పముగా నుండును. గాలి చాలకయో, కట్టె తడిసియో సగము మండినప్పుడు కాలవలసిన భాగము పొగయై వెలుపలికి పోవును. కావున పొగ యనగా డబ్బు పెట్టియో, ఎడ్లబండిపై తోలియో తెచ్చుకొన్న వంటచెరకు వ్యర్థమగుటయే.

రెండవ నష్టము దేహమునకు. పొగలోని మిక్కిలి సన్నని నుసి ఊపిరితిత్తుల లోతునకు చేరును. పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు విడువని దగ్గు, ఆయాసము, గుండెజబ్బు, స్త్రీలకు కంటిలో శుక్లములు దీనివలన హెచ్చునని వైద్యులు నిర్ణయించియున్నారు. 2020వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 32 లక్షల మరణములకు ఇండ్లలోని పొగ కారణమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. తల్లి ఒడిలోని బిడ్డ, పొయ్యియొద్ద చలికాచుకొను వృద్ధులు ఈ బాధకు ముందుగా లోనగుదురు.

మూడవ నష్టము పొలమునకు. కట్టెను ఎక్కువగా మ్రింగు పొయ్యికి కట్టె చాలదు. అప్పుడు పిడకలు వాడుకలోనికి వచ్చును. ఎండిన పేడలో నూరుపాళ్లకు సుమారు ఒకటి మొదలు ఒకటిన్నర పాలు నత్రజని యుండును. పిడక కాలినప్పుడు ఆ నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోవును. నేలను గుల్లపరచు సేంద్రియ పదార్థమును నశించును. మిగులునది బూడిద మాత్రమే. పేడను పొయ్యిలో పెట్టి, నత్రజని కొరకు యూరియా సంచి కొనితెచ్చు రైతు ఒకే వస్తువునకు రెండుమారులు వెల చెల్లించుచున్నాడు.

ఈ విషయము నేటిది కాదు. వోల్కర్ అను ఆంగ్ల వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు ఈ దేశమున సంచరించి 1893లో ప్రకటించిన నివేదికలో, రైతులు పేడను కాల్చుట తెలివితక్కువచే గాదనియు, చేరువలో కట్టె దొరకకపోవుటచేతననియు వ్రాసెను. కావున గట్లపై సరుగుడు, సుబాబుల్, తుమ్మ పెంచుకొనుటయు, ఉన్న కట్టెను పొదుపుగా మండించుటయు పేడను పొలమునకు మిగుల్చు మార్గములు.

మంచి పొయ్యి పనిచేయు విధము

వేడిగాలి తేలిక, అది పైకిపోవును. పొగగొట్టములోని గాలి వేడెక్కి పైకి లేచుకొలది, ఆ ఖాళీని నింపుటకు పొయ్యినోటినుండి క్రొత్తగాలి లోనికి వచ్చును. ఈ లాగుడు చక్కగా నున్నచో ఊదుగొట్టముతో పనియుండదు. గొట్టము పొట్టిగా నున్నను, మసితో ఇరుకైనను, మధ్యలో పగులున్నను లాగుడు తగ్గి పొగ వంటయింటిలోనికే తిరిగివచ్చును.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు ఈ సూత్రముపై పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఒకే నిప్పుతో వరుసగా పెట్టిన పాత్రలు కాగి, పిదప పొగ గొట్టముగుండా కప్పు దాటి పోవుట అందలి ఏర్పాటు. తెలుగు ఇండ్లలోని కోడిపొయ్యియు ఇట్టిదే. పెద్దపొయ్యిలో మండిన మంట ప్రక్కకన్నునకు పోయి రెండవ కుండను కాచును. పొగగొట్టము చేర్చినచో కోడిపొయ్యియే మంచి పొయ్యి యగును.

కట్టించుట చాలదు, కాపాడవలెను

ఒడిశా రాష్ట్రమున 44 గ్రామములలో పొగగొట్టముగల పొయ్యిలను ఇండ్లకిచ్చి, ఫలితమును నాలుగేండ్లు పరిశీలించిరి. మొదటి యేట వంటచేయు స్త్రీలు పీల్చు పొగ తగ్గినది. తరువాతి యేండ్లలో ఆ లాభము కనబడలేదు. జనులు పొయ్యిలను క్రమముగా వాడక, పగుళ్లు పూడ్చక, గొట్టములు శుభ్రపరచక విడిచిరి. ఇందలి పాఠము స్పష్టము: పొయ్యి ఒకనాడు కట్టునది, ఏడాది పొడుగున సాకునది.

ఋతువుల ననుసరించి చేయవలసిన పనులు

రోహిణి కార్తె (వానలకు ముందు): సంవత్సరమునకు ముఖ్యమైన బాగుసేత ఈ సమయముననే జరుగవలెను. పొయ్యి పూర్తిగా చల్లారిన పిమ్మట గొట్టము అడుగుభాగమును తెరచి, త్రాటికి కట్టిన కొబ్బరిపీచు కుంచెను పైనుండి దించి లోపలి మసిని రాల్చవలెను. ఈ పనిచేయువారు ముక్కునకు, నోటికి తడిగుడ్డ కట్టుకొనవలెను. పాత గొట్టము ఆస్‌బెస్టాసు సిమెంటుతో చేసినదైనచో దానిని కోయుట, పగులగొట్టుట, పొడిగా గీకుట కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరము. అట్టి గొట్టము పగిలినచో తడిపి, ముక్కలు చేయకుండ తీసివైచి, మట్టిగొట్టమో ఇనుపరేకు గొట్టమో అమర్చవలెను.

గొట్టము కప్పునకు కనీసము రెండడుగులు పైకి ఉండవలెను. కొనయందు వాన పడకుండ రేకుటోపీ నుంచి, దాని క్రింద పొగ పోవుటకు చాలినంత సందు విడువవలెను. గొట్టము గడ్డికప్పును గాని, తాటాకును గాని తాకరాదు. పూరింటిలో దానిని గోడగుండా వెలుపలికి తీసి, కప్పు చూరునకు దూరముగా పైకి నడుపుట మేలు.

పగుళ్లను పూడ్చుటకు పుట్టమన్ను శ్రేష్ఠము. పుట్టమన్నులో సన్నగా తరిగిన గడ్డియో, ఊకయో, కొంత పేడయో కలిపి, నీళ్లుపోసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, బాగుగా త్రొక్కి వాడవలెను. రేగడిమన్ను ఎండినప్పుడు ముడుచుకొని బీటలిచ్చును గనుక దానిని ఒంటిగా వాడరాదు. నిప్పు తగులుచోట సిమెంటు పూత నిలువదు; వేడికి పెచ్చులూడిపోవును. క్రొత్తపూత నీడన ఆరిన తరువాత మొదట చిన్నమంట పెట్టి, క్రమముగా హెచ్చింపవలెను.

కట్టె నిలువ చేయుటకును ఇదియే తరుణము. పచ్చికట్టె తూకములో సుమారు సగము నీరేయుండును. ఆ నీటిని ఆవిరిచేయుటకే మంటలో చాలభాగము ఖర్చగును. ఎండకు ఆరిన కట్టెను బొటనవ్రేలంత మొదలు మణికట్టంత లావున చీల్చి, నేలను తాకకుండ దుంగలపై పేర్చి, పైన కప్పువేసి, ప్రక్కల గాలి ఆడనీయవలెను.

ప్రత్తికట్టెను గూర్చి ఒక హెచ్చరిక. కట్టెకు అంటియున్న విచ్చని కాయలలో గులాబిరంగు కాయతొలుచు పురుగు దాగి వేసవి గడపును. కట్టె మోపులను ఇంటియొద్ద వచ్చు పంటవరకు నిలువయుంచినచో ఆ పురుగు క్రొత్త చేనిపై పడును. కాయలను ఏరి కాల్చివేసి, ప్రత్తికట్టెను తొలకరికి ముందే వాడి ముగింపవలెను. వానకాలమునకు కందికట్టె, తుమ్మకట్టె ఉంచుకొనవలెను.

వానకాలము: మొదటి పెద్దవాన వెలసిన వెంటనే గొట్టము కప్పునకు తగులుచోట కారుచున్నదేమో చూడవలెను. ఆ సందుగుండా దిగిన నీరు మట్టిపొయ్యిని లోపలినుండి కరగించును. మరునాటికి కావలసిన కట్టెను ముందుదినమే పొయ్యి సమీపమున చేర్చినచో చెమ్మ ఆరును. కాని నిప్పునకు మూరెడు దూరమైన నుండవలెను. నెలకొకమారు గొట్టమును తట్టి మసిని రాల్చవలెను. చెమ్మకాలమున మసి జిగటయై త్వరగా పేరుకొనును.

కార్తీకము మొదలు సంక్రాంతి వరకు: వానలు వెలసిన పిదప పొయ్యికి రెండవ పూత పూయవలెను. పండుగ వంటలకును, కాగులలో నీళ్లు కాచుటకును పొయ్యి ఎక్కువగా పనిచేయు కాలమిది. నీళ్లపొయ్యికి గోడ ఎత్తుగా కట్టి, కాగునకు చుట్టును రెండు వ్రేళ్ల సందు మాత్రము విడిచినచో మంట కాగును ఒరసికొని పోవును, కట్టె కలిసివచ్చును.

చలికి తలుపులు బిగించి, గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించు అలవాటు ప్రాణాంతకము. బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకున్నను అది యుండును. నిద్రించువానికి మెలకువ రాకుండగనే చంపును. కుంపటిని పడుకొనుటకు ముందే వెలుపల పెట్టవలెను. తలనొప్పి, వాంతి, తలత్రిప్పుట కలిగినచో ఆ మనుష్యుని వెంటనే ఆరుబయటికి చేర్చి వైద్యునియొద్దకు కొనిపోవలెను.

శివరాత్రి తరువాత (ఎండకాలము): ఇది అగ్నిభయముగల కాలము. గాలిదినములలో ఆరుబయటి పొయ్యిని గడ్డివామికిని, కొట్టమునకును దూరముగా, గోడ మరుగున వెలిగింపవలెను. వంట ముగియగనే నిప్పును నీళ్లతో చల్లార్చి, ఒక కుండెడు నీళ్లు, కొంత ఇసుక సిద్ధముగా నుంచవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవలన ప్రయోజనము లేదు.

వంటయింటిలో గాలి, వెలుతురు

పొగగొట్టమున్నను కిటికీ కావలెను. పొయ్యికి ఎదురుగా క్రిందిభాగమున గాలి వచ్చు దారియు, కప్పునకు దగ్గరగా పొగ పోవు దారియు నుండవలెను. కప్పులో రెండు పెంకుల స్థానమున గాజుపెంకు లమర్చినచో పగటిపూట దీపము లేకయే పని జరుగును. పొయ్యిని అరుగుపై ఎత్తుగా కట్టినచో వంగి ఊదు శ్రమ తగ్గుటయే గాక, ప్రాకు బిడ్డలు నిప్పుల బారిన పడరు. గోడలకు ఏటికొకమారు సున్నము వేసినచో మసి ఎచ్చట పట్టుచున్నదో తెలియును. మసి పట్టినచోటే పొయ్యి పొగ విడుచుచున్నదని గ్రహింపవలెను.

పొయ్యిలో పెట్టకూడనివి

గన్నేరుకట్టె విషము, దాని పొగయు హానికరమే. ప్లాస్టిక్ సంచులు, రబ్బరు ముక్కలు, పురుగుమందుల డబ్బాలు, రంగు వేసిన చెక్కలు నిప్పు రాజేయుటకు వాడరాదు. కిరోసిను పోసి మంట లేపుటవలన అనేకులు ఒళ్లు కాల్చుకొనిరి. ఎండిన కొబ్బరిమట్ట, కందిపుల్లలు రాజుటకు చాలును.

బూడిదను పోనీయరాదు

కట్టెబూడిదలో పొటాషు, సున్నము గలవు. వానకు తడిసినచో పొటాషు కరగిపోవును గనుక దానిని మూతగల కుండలో పొడిగా నిలువచేయవలెను. నిప్పురవ్వలు బూడిదలో మరునాటివరకును దాగియుండును. వేడిబూడిదను పెంటకుప్పపై గాని, గడ్డిచెంత గాని పోయరాదు. పశువుల యెరువుతోను, అమ్మోనియం సల్ఫేటుతోను బూడిదను కలిపినచో నత్రజని అమ్మోనియాయై ఎగిరిపోవును. కావున పొలములో విడిగా చల్లవలెను. చౌడునేలలకు బూడిద తగదు. జల్లించిన పొడిబూడిదను విత్తనపు పెసలు, కందులలో కలిపి నిలువచేసినచో పుచ్చుపురుగు తగ్గును.

గోబరుగ్యాసు

నాలుగైదు పశువులుగల రైతునకు పేడను కాల్చకయే దానినుండి మంటను పొందు మార్గము గోబరుగ్యాసు. దినమునకు సుమారు 50 కిలోల పేడ దొరకునచో రెండు ఘనమీటర్ల తొట్టి నడచును. గ్యాసు పొయ్యికి వచ్చును. వెలువడు మడ్డిలో నత్రజని నిలిచియుండి పొలమునకు చేరును. గ్యాసు ఏదైనను దాని రబ్బరుగొట్టమును ఏటేట సబ్బునీళ్లతో పరీక్షించి, బుడగలు వచ్చినచో వెంటనే మార్పవలెను.

సంగ్రహము

పొయ్యి లాగుడు తెలిసికొనుటకు చిన్న పరీక్ష కలదు. పొయ్యి మండుచుండగా పొయ్యినోటియొద్ద వెలిగించిన ఊదుబత్తిని పట్టుకొనవలెను. ఊదుబత్తి పొగ లోనికి పోయినచో పొయ్యి బాగున్నది. వెలుపలికి మరలినచో గొట్టమును శుభ్రపరచు సమయము వచ్చినది. నెలకొకమారు ఇంటి యజమాని తానే పొయ్యియొద్ద కూర్చుండి ఈ పరీక్ష చేయవలెను. అప్పుడు ఇంటి స్త్రీలు ప్రతిదినము పీల్చుచున్న పొగ ఎట్టిదో అతనికిని తెలియును. ఒక తట్ట పుట్టమన్ను, ఒక కుంచె, రెండుపూటల పని: ఏటికి రెండుమారులు ఇంతమాత్రము జరిగినచో కట్టె మిగులును, పేడ పొలమునకు చేరును, ఇల్లాలి కన్నులును బిడ్డల రొమ్మును నిలుచును.