మైక్రోసెకనుకు 300 మీటర్లు

అడవిలో దారి తప్పిన ఒక మనిషి 112కు ఫోను చేశాడనుకోండి. తానెక్కడున్నాడో అతనికే తెలియదు. మరి టవరుకు ఎలా తెలుస్తుంది?

రేడియో తరంగం మైక్రోసెకనుకు సుమారు 300 మీటర్లు పోతుంది. కాలం కొలిస్తే దూరం తెలిసినట్లే. అయితే ఒక కంపెనీ టవరు చెప్పిన కొలతను మరో కంపెనీ ఫోను వేరుగా అర్థం చేసుకుంటే? ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానికతో సరిపోనట్లే అవుతుంది. అందుకే ప్రమాణం కావాలి.

జి.ఎస్.ఎం. పద్ధతిలో ఈ కొలతకు 0 నుండి 63 వరకు మెట్లున్నాయి. ఒక మెట్టు 48/13, అంటే 3.69 మైక్రోసెకన్లు. ఇంతలో తరంగం 1107 మీటర్లు పోతుంది. కాని మెట్టుకు 553 మీటర్లే లెక్క. ఎందుకు? అది పోయి వచ్చే కాలం కనుక! 63తో గుణించి చూడండి, దాదాపు 35 కిలోమీటర్లు వస్తుంది. (నిజానికి ఈ కొలత పుట్టింది మనిషిని వెదకడానికి కాదు, ఒక ఫోను సంకేతం మరొక ఫోను వంతులోకి చొరబడకుండా చూడడానికి.)

అడవిలో 553 మీటర్లంటే చాలా ఎక్కువ. తరువాత వచ్చిన ఎల్.టి.ఇ.లో సెకనును 3,07,20,000 భాగాలు చేశారు. ఒక్కో భాగంలో తరంగం పోయేది 10 మీటర్ల లోపే. ఇందులో ఒక పద్ధతి ప్రకారం, రెండు టవర్ల సంకేతాలు తనను చేరిన కాలాల తేడాను ఫోను చెబుతుంది. ఇక్కడే ఉంది కిటుకు. ఫోను గడియారంలోని తప్పు రెండింటిలోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. టవర్ల గడియారాల తప్పు మాత్రం పోదు. వాటి మధ్య ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక్క మైక్రోసెకను తేడా ఉంటే, దూరాల తేడాలో 300 మీటర్లు తప్పు. మనిషి వాగుకు ఈవల ఉంటే, వెదికేవాళ్లు ఆవలి గట్టున తిరుగుతుంటారు.