వేసవి చివర కొల్లేరు

కృష్ణా గోదావరీ నదులు యుగయుగములుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో మన తీరమున రెండు డెల్టాలు ఏర్పడినవి. ఆ రెంటి నడుమ మట్టి చాలినంత చేరక పల్లముగా మిగిలిపోయిన చోటే కొల్లేరు. నేడది ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో నున్నది. సరస్సనగానే ఒడ్డు ఇచ్చట, నీరు అచ్చట అని ఒక గీత గీయవచ్చునని బాలురు తలతురు. కొల్లేటికి అట్టి గీత లేదు. సముద్రమట్టమునకు పదియడుగుల ఎత్తువరకు నీరు నిలిచినచో అది 901 చదరపు కిలోమీటర్లు వ్యాపించును. అయిదడుగుల మట్టమునకు దిగినచో 308, మూడడుగులకు దిగినచో 135 చదరపు కిలోమీటర్లు మాత్రమే మిగులును. అనగా ఏడడుగుల నీరు తీయునప్పటికి సరస్సులో ఇంచుమించు ఏడింట ఆరుపాళ్ళు నేలయైపోవును. ఒక మనుష్యుని ఎత్తుకంటె కొంచెము ఎక్కువ నీటితో ఇంత మార్పు కలుగు సరస్సు మన దేశమున అరుదు.

ఈ పల్లమునకు నీరు తెచ్చునవి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు వాగులు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిదప, రెండు డెల్టాల వరిచేల నుండి వెడలు మురుగుకాలువల నీరును ఇందే చేరజొచ్చెను. లోనికి వచ్చు త్రోవలు అనేకములు. వెలుపలికి పోవు త్రోవ ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమున కలియును. వానకాలమున లంక గ్రామములు నీటి నడుమ ద్వీపములగును. ఫాల్గుణమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగునాటికి నీరు తీయుట ఆరంభించును. దాళ్వా కోతలు ముగిసి, డెల్టా కాలువలు కట్టివేయగనే మురుగుకాలువలును సన్నగిల్లును. అటుపిమ్మట సరస్సునకు వచ్చునది ఎండ ఒక్కటే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన సామెత. ఆ కార్తెనాటికి దోనె సాగిన త్రోవన మనుష్యుడు నడచిపోవు చోట్లు పెక్కు.

ఇంతవరకు విస్తారమైన నీటిలో స్వేచ్ఛగా తిరుగాడిన చేపలన్నియు ఇపుడు మడుగులలోనికి, బోదెలలోనికి, గుంటలలోనికి చేరును. ఏ గుంట ఎండిపోవుచున్నదో మనుష్యునికంటె ముందు కొంగలకు తెలియును. తెల్లని కొంగలు గుంపుగా వ్రాలిన చోటు చూచి జాలరి అటు నడచుట కొల్లేటి ప్రాంతమున సామాన్యము.

కొల్లేటి జాలరులు పూర్వమునుండి వాడిన సాధనములు కొన్ని చెప్పుకొనదగినవి. తాటిమ్రానిని తొలిచి చేసిన దోనె మీద వారు నీటిపై తిరుగుదురు. మావు అనునది వెదురుపుల్లలతో అల్లిన పంజరము. దాని నోటియందు పుల్లల మొనలు లోనికి తిరిగియుండును. చేప దూరునపుడు అవి దారి ఇచ్చును; మరలునపుడు అడ్డుపడును. దూరుటయే కాని వెలువడుట లేదు. నీరు లోతుగా నున్నచోట విసురువల వేయుదురు. మోకాలిలోతు బురదనీటిలో అడుగులేని బుట్టవంటి ఊతను గుభాలున నొక్కి, పైనున్న రంధ్రమునుండి చేయిపెట్టి చేపను తీయుదురు. మావు అల్లువాడు పుల్లకు పుల్లకు నడుమ కొంత సందు విడుచును. వ్రేలెడు చేపపిల్ల ఆ సందున జారిపోవును. ఈ సందును గూర్చి మరల చెప్పుకొనవలసియున్నది.

వేసవి చివర చేప చిక్కుట సులభము. వేసవి చివర చేప బ్రదుకుట మిక్కిలి కష్టము. రెంటికిని కారణము ఒక్కటే: నీరు తక్కువ. ఇందు రెండవ సంగతిని కొంత వివరముగా తెలిసికొనవలయును.

చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. 30 డిగ్రీల వేడిమిలో ఒక లీటరు గాలియందు దాదాపు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కలదు. అదే వేడిమిలో ఒక లీటరు మంచినీటియందు సహజముగా ఇముడునది 7½ మిల్లీగ్రాములు మాత్రమే. చలికాలమున నీరు 20 డిగ్రీలకు చల్లబడినపుడు 9 మిల్లీగ్రాములవరకు ఇముడును. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తగ్గును; అంతేకాదు, వేడినీటిలో చేప శరీరమునకు ప్రాణవాయువు మరింత అవసరమగును. రాబడి తగ్గినపుడే ఖర్చు పెరిగిన సంసారము వంటిది దాని స్థితి. పైపెచ్చు, వంద చేపలు పంచుకొనిన నీటిని ఇపుడు వేయి చేపలు పంచుకొనవలసి వచ్చును.

పగటివేళ నీటిలోని నాచు, మొక్కలు సూర్యకాంతిలో ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు చేపలవలెనే దానిని పీల్చును. కావున తెల్లవారుటకు కొంచెము ముందు నీటిలో ప్రాణవాయువు అత్యల్పముగా నుండును. ఆ వేళ మడుగు ఒడ్డున నిలిచి చూచినచో చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరచుచు మూయుచు నుండుట కనబడును. అవి ఆడుకొనుచున్నవని తెలియనివారు సంతోషింతురు. అనుభవజ్ఞుడైన చేపల రైతు ఆ దృశ్యము చూచి నిద్రమాని చెరువులో నీరు చిలుకించుటకు పరుగెత్తును. గుర్రపుడెక్క మొక్క నీటిని చాపవలె కప్పినచోట ఈ బాధ మరింత ఎక్కువ. ఆ చాప క్రిందికి వెలుతురు చొరదు, గాలి తగులదు, కుళ్ళిన ఆకులు ఉన్న కొద్ది ప్రాణవాయువును హరించును. దక్షిణ అమెరికానుండి అందమైన పూలకొరకు తెచ్చిన మొక్క ఇది. అందమునకు మనము చెల్లించిన మూల్యము చాల పెద్దది.

నాలుగుదినములు గాలి స్తంభించి, ఉక్కపోసి, అయిదవ దినమున గాలివాన కురిసినదనుకొనుడు. మనుష్యులు హాయియని నిట్టూర్తురు. మడుగులోని చేపలకు కొన్నిసారులు అదియే కాలరాత్రి. అడుగున కుళ్ళుచున్న బురదను, ప్రాణవాయువు లేని అడుగునీటిని ఆ గాలివాన పైకి కలచివేయును. తెల్లవారునప్పటికి చేపలు వెల్లకిలబడి తేలును. ఎవరో పగవారు మందు కలిపిరని ఊరిలో కలహములు పుట్టుటయు కలదు. నేరము మనుష్యునిది కాకపోవచ్చును.

ఉప్పుటేటి సంగతియు ఒకటి కలదు. సరస్సులో నీరు నిండుగానున్నపుడు ప్రవాహము సముద్రమువైపు సాగును. సరస్సు మట్టము బాగుగా పడిపోయిన వేసవిలో సముద్రపు పోటు ఆ యేటివెంట ఎదురెక్కి వచ్చును. పండుగప్పవంటి చేపకు ఉప్పునీరును మంచినీరును ఒకటే. తక్కినవానిలో పెక్కింటికి అట్లు కాదు.

ఇన్ని బాధలలోను కొన్ని చేపలు నిలుచును. కొర్రమీను, మార్పు, గొరక అనునవి అట్టివి. వీనికి మొప్పలేకాక గాలి పీల్చుటకు వేరు ఏర్పాటు కలదు. కొర్రమీనునకు మొప్పలపైన తలయందు చిన్న గదులున్నవి. మార్పునకు అచ్చటనే చెట్టుకొమ్మలవంటి అవయవమున్నది. ఇవి మాటిమాటికి నీటిపైకి వచ్చి ఒక గుటక గాలి తీసికొని మునుగును. చిత్రమేమనగా, కొర్రమీనును పైకి రానీయక వలక్రింద అదిమి పట్టినచో అది నీటిలోనే ఊపిరాడక చచ్చును. గొరక మరింత గడుసుది. 1791లో తరంగంబాడి వద్ద డేనిష్ కొలువులోని ఒక సేనాధికారి దానిని తాటిచెట్టు బెరడు సందున పట్టితినని వ్రాసెను. నాటినుండి దానికి చెట్టెక్కు చేప యని ప్రసిద్ధి కలిగినది. పక్షియేదో దానిని ఎత్తికొనిపోయి అచ్చట విడిచియుండునని పలువురు శాస్త్రజ్ఞుల తలంపు. అదియే సమంజసముగా తోచుచున్నది. కాని తడినేలమీద మొప్పల రెప్పలు ఊతగా గొరక ప్రాకిపోవుట మాత్రము నిజము.

మడుగు పూర్తిగా ఎండునపుడు కొర్రమీను బురదలోనికి చొచ్చుకొనిపోవును. పైన మన్ను బీటలు వారుచుండగా క్రింద తేమయున్నంతకాలము అది కదలక మెదలక వానకై కనిపెట్టియుండును. బీటలువారిన కొల్లేటి నేలను చూచి ఇందు జీవమేమున్నదని బాటసారి అనుకొనును. ఆ నేలక్రింద రాబోవు సంవత్సరపు చేపలన్నియు ఉన్నవి.

అసలు సంగతి ఇచ్చటనే యున్నది. రైతు ఎంత కరవు వచ్చినను విత్తనపు గాదె ముట్టడు. వేసవి చివరి మడుగు కొల్లేటికి విత్తనపు గాదె. కాని గాదెకు తలుపున్నది, యజమాని ఉన్నాడు. మడుగునకు ఆ రెండును లేవు. నేను తీయకున్న ప్రక్కవాడు తీయునని ప్రతివాడును అనుకొనును. సరిగా ఈ సమయముననే చేపకు గిరాకియు హెచ్చును. మృగశిర కార్తె ప్రవేశించునాడు, అనగా జూను 8వ తేదీ ప్రాంతమున, చేప తినుట తెలుగుదేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఆనాడు కొర్రమీను వెల ఆకాశమునంటును. దినమంతయు ఎండలో బురద త్రొక్కిన పేద జాలరికి ఆ వెల కనబడునపుడు, నాలుగింటిని విడిచిపెట్టుమని చెప్పుట సులభమైన మాట కాదు. వానకాలము నిలకడయగువరకు అతని యింట పొయ్యి వెలుగవలసినది ఆ డబ్బుతోనే.

అయినను పూర్వులు కొంత కట్టుబాటు పాటించిరి. మావు పుల్లల సందు అట్టి కట్టుబాటే. దానిలో పెద్దచేప చిక్కును, పిల్ల తప్పించుకొనును. నేడు దోమతెరవంటి సన్నకంటి వలలు చౌకగా దొరకుచున్నవి. వానినుండి వేలెడు పిల్లయేకాదు, నలుసంత పిల్లయు తప్పించుకొనలేదు. ఇంకొక పద్ధతి మరింత హేయము: గుంటలో విషము కలిపి సమస్తమును ఒక్కసారి తేల్చుట. నీటిలో విషము కలిపిగాని, మందుగుండు ప్రేల్చిగాని చేపలు పట్టుట నేరమని 1897 నాటి మత్స్యశాఖా చట్టమే శాసించినది. సముద్రమునందైతే ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూను 14 వరకు 61 దినములు మరపడవల వేట మన తీరమున నిషిద్ధము. పల్లపు గుంటకు కాపలా పెట్టుట అంత తేలిక కాదు.

కొర్రమీనును గూర్చి మరియొక మాట. తొలివానలకు అది కలుపుమొక్కల నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. పసుపుపచ్చని ఆ గ్రుడ్లు నీటిపై తేలుచుండును. పిల్లలు ఎఱ్ఱగా, గుంపుగా తిరుగును. తల్లిదండ్రులు ఆ గుంపు క్రిందనే యుండి కాచును. ఎఱ్ఱని గుంపును చూచి దాని క్రిందికి వల విసరినచో కావలియున్న పెద్దచేప తప్పక చిక్కును. ఆ గుంపులోని వందలకొలది పిల్లలను తక్కిన చేపలు ఒక పూటలో మ్రింగివేయును. ఒక చేపను పట్టితినని తలచినవాడు ఎన్నింటిని పోగొట్టెనో లెక్కింపడు.

బొచ్చె, శీలావతి, మోసు అను చేపల మార్గము వేరు. ఇవి నదీజాతులు. వరదనీటి ఒరవడి లేనిదే ఇవి సంతానము కనవు. నిలువనీటి చెరువులో పెరుగునుగాని గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు వేరొక చేప తలలోని పీయూషగ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి, ఈ తెగ చేపలచే నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమును నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుచున్నారు. కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతముల చెరువులలో పెరిగి, మంచుగడ్డల నడుమ బంగాళమునకు, అస్సామునకు పోవు చేపలన్నిటికిని మూలము ఆనాటి ప్రయోగమే.

ఈ చెరువులవలన వేలమందికి జీవనము కలిగినది. కాని చెరువు త్రవ్విన చోటు సరస్సు గర్భమైనపుడు మాత్రము మాట వేరు. 1970వ దశకమున ప్రభుత్వము జాలరుల సహకార సంఘములకు కొల్లేటిలో చెరువులు త్రవ్వించి యిచ్చెను. పిదప ధనికులును దిగిరి. గట్టుపై గట్టు లేచెను. 1999లో అయిదడుగుల మట్టమువరకు గల ప్రదేశము వన్యప్రాణుల అభయారణ్యమని ప్రకటింపబడెను; 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందపు పట్టికలో చేరెను; 2005, 2006 సంవత్సరములలో ఆ హద్దులోని గట్లను పెద్దయెత్తున పగులగొట్టిరి. తరువాత కొన్నిచోట్ల అవి మరల లేచినవి. గట్టు వేసవిలో చేపకు మడుగు చేరు దారిని మూయును. వానకాలమున మడుగునుండి వెలువడి విస్తరించు దారిని మూయును. ముడుచుకొనుట, విప్పుకొనుట అను రెండు పనులతోనే బ్రదుకు సరస్సునకు ఇది ఎట్టి అడ్డంకియో చెప్పనక్కరలేదు.

మృగశిర వెళ్ళి ఆర్ద్ర ప్రవేశించును. ఎగువను వానలు పడి బుడమేటిలో ఎఱ్ఱనీరు కదలును. ఆ నీరు మడుగును తాకిన గడియలోనే చేపలలో సంచలనము కలుగును. పరిగెలు మొదలు వాలుగ వరకు చిన్న పెద్ద యన్నియు ప్రవాహమునకు ఎదురు తిరిగి, బోదెలవెంట, మునిగిన గడ్డిలోనికి ఎగబ్రాకును. బీటల క్రింద కనిపెట్టియున్న కొర్రమీను మెత్తబడిన మన్నును త్రోసికొని పైకి వచ్చి మొదటి గుటక గాలి పీల్చును. పదునైదు, ఇరువది దినములు గడచిన పిమ్మట లంక ఒడ్డున నిలిచి చూచువానికి, మొక్కల నడుమ నీటిపై అరచేతి వెడల్పున ఎఱ్ఱని మరక ఒకటి మెల్లగా కదలుచు కనబడును.