పోటీ పరీక్షల ప్రత్యేకం: నికోబార్ మెగాపోడ్

ప్రపంచం మొత్తంలో నికోబార్ దీవుల్లోనే కనిపించే అటవీ పక్షి ఇది.

- శాస్త్రీయ నామం: మెగాపోడియస్ నికోబారియెన్సిస్.
- రూపం: కోడంత పరిమాణం, గోధుమ రంగు ఈకలు, పెద్ద పాదాలు. ఎక్కువగా నేలమీదే తిరుగుతుంది.
- ప్రత్యేకత: గుడ్లను పొదగదు. తీరానికి దగ్గరలోని అడవిలో ఇసుక, మట్టి, రాలిన ఆకులతో పెద్ద దిబ్బ కట్టి అందులో గుడ్లు పెడుతుంది. ఆకులు కుళ్లేటప్పుడు పుట్టే వేడికే అవి పిల్లలవుతాయి. పిల్లలు దిబ్బను తవ్వుకొని బయటికొచ్చి, తల్లిదండ్రుల సాయం లేకుండా బతుకుతాయి.
- ముప్పు: 2004 సునామీకి తీరప్రాంత దిబ్బలు భారీగా కొట్టుకుపోయాయి. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే ముఖ్య ఆవాసం; అక్కడే భారీ నౌకాశ్రయం ప్రతిపాదించారు.
- రక్షణ: ఐయూసీఎన్ జాబితాలో 'వల్నరబుల్', వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్-1.
- గుర్తుంచుకోండి: కేంద్రం చేపట్టిన జాతుల పునరుద్ధరణ కార్యక్రమంలో దీనితోపాటు కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి కూడా ఉంది.

మాదిరి ప్రశ్న: అండమాన్, నికోబార్ దీవులను వేరుచేసేది ఏది?
ఎ) పాక్ జలసంధి  బి) టెన్ డిగ్రీ ఛానల్  సి) ఎయిట్ డిగ్రీ ఛానల్  డి) డంకన్ పాసేజ్
జవాబు: బి